నీ కాడికే వచ్చిండాను

నవంబర్ 16, ఆదివారం

చర్చికి వెళ్లాను. వెళ్లకపోతే అందరూ ఇంటికే వచ్చేస్తారు. వచ్చినవాళ్లకు కాఫీ పెట్టాలి, వాళ్లు ఏడిస్తే నేనే ఓదార్చాలి. దానికంటే నేనే వెళ్లి రెండో వరసలో కూర్చోవడం సులువు.

ఆరాధన అయ్యాక మా పాస్టరు ప్రసాదరావు అయ్యగారు పక్కకు పిలిచారు. ఈసారి సాక్ష్యం టైపు చేసుకుంటున్నానని మా ఆయన శరత్ ఆయనకు కూడా చెప్పారట. అది దొరికితే ఫిబ్రవరిలో, నా పుట్టినరోజు నెలలో, నన్ను చదవమన్నారు. సరేనన్నాను. అయ్యగారు అడిగారు కాబట్టి వెతకాలి. అంతే. నాకేం తొందర లేదు.

మా సంఘంలో నెల మొదటి ఆదివారం, ఆ నెలలో పుట్టినరోజో పెళ్లిరోజో ఉన్నవాళ్లు ముందుకు వెళ్లి, దేవుడు తమకు చేసిన మేలు చెప్పాలి. నవంబరు వచ్చిందంటే మా ఇద్దరి వంతు. నేను తెలుగు టీచర్ని, పాఠం చెప్పినట్టు చెప్పేస్తాను. ఈయన నా పక్కన నిలబడి మైకు తీసుకుని, "అందరికీ వందనాలు" అని, ఇచ్చేస్తారు. పెళ్లయిన మొదటి ఏడాది నుంచీ అంతే. సండేస్కూలు పిల్లలు వందనాల అంకుల్ అనే పిలుస్తారు. మదనపల్లెలో సగం పెళ్లికార్డులు టైపు చేసిన మనిషి. మా ముందు గదే ఆయన షాపు. ఊరందరి మాటలూ ఆయన వేళ్ల మీదుగా పోయాయి, తన మాట మాత్రం నోటిదాకా రాదు.

అక్టోబరులో ఒకరోజు అన్నం తింటూ, ఈసారి నేను చెబుతాను, నోటితో రాదు కాబట్టి టైపు చేసుకుని చదువుతాను అన్నారు. నవ్వాను. ఆయనా నవ్వారు. తెలిసిన సంగతులే ఎందుకు రాస్తున్నానో.

నవంబర్ 17

ఆ ఫోను సంగతి రాయాలి. రాయను.

నవంబర్ 19, బుధవారం

రాస్తాను.

ఆరోజు అక్టోబరు చివరి గురువారం. పుంగనూరు స్కూల్లో ఇంటర్వెల్ బెల్లు కొట్టారు. ఫోను మోగింది, ఈయనే. "టీచరమ్మా, నీ కాడికే వచ్చిండాను" అన్నారు. నేను గబగబా వరండాలోకి వచ్చి గేటు వైపు చూశాను. ఎండ తప్ప ఎవరూ లేరు. ఏ గేటు దగ్గరున్నారు అని అడిగాను. ఒకటే నవ్వు.

"ఆడికి కాదు. సాక్ష్యంలో. అందరి గురించీ అయిపాయ, ఇంగ నీ కాడికి వచ్చిండాను. అంతలో కరెంటు పాయె."

సేవ్ చేశారా అన్నాను. లేదు. ఆయన పద్ధతి ఆయనది. పని పూర్తయ్యేదాకా ఫైలుకు పేరు పెట్టరు, పేరు పెట్టేదాకా సేవ్ చేయరు. పుట్టినాక గదా పేరు పెట్టేది అంటారు. యూపీఎస్ బ్యాటరీ చచ్చి నెలలైంది, అదీ మార్చరు. అయితే పోయినట్టేగా అన్నాను. మళ్లీ కొడతాలే, సాయంత్రం వచ్చి తప్పులు చూడు అన్నారు. నా గురించి ఏం రాశారో చెప్పమన్నాను. "సూద్దువులే" అన్నారు.

మధ్యాహ్నం పక్కింటి తులసమ్మ ఫోను చేసింది, ఈయన షాపులో కూలబడిపోయారని. మిషన్ ఆసుపత్రి మా వీధి చివరే ఉంది. అంత దగ్గర కూడా చాలలేదు.

నవంబర్ 22, శనివారం

కంప్యూటరు ఆన్ చేశాను. నల్ల తెర, తెల్ల అక్షరాల్లో ఏదో తిట్టు, మళ్లీ నల్ల తెర. పోయిన కరెంటు ఒక్కసారిగా వచ్చి దాని ప్రాణం కూడా తీసినట్టుంది. కుప్పంలో మరిది రూబెన్‌కి ఫోను చేశాను. అక్కడ ఒక కాలేజీ కంప్యూటరు ల్యాబులో పని చేస్తాడు. ఏమీ నొక్కొద్దు వదినా, పెట్టెను అట్నే ఎత్తుకుని రా అన్నాడు.

వచ్చే వారం వెళతాను. స్కూల్లో పరీక్షలున్నాయి.

నవంబర్ 27

పరీక్షలేం లేవు. వాన.

నవంబర్ 30, ఆదివారం

వాన కూడా లేదు. దుప్పటి కప్పి పెట్టాను.

ఇవాళ వంట చేస్తుంటే ఒక సంగతి గుర్తొచ్చింది. ముందు గదిలోంచి రోజూ కేక వేసేవారు. ఆహ్వానం అనే మాటలో హ ముందా, వ ముందా అని. హ కింద వ వత్తు అని నేను పొయ్యి దగ్గరి నుంచే అరిచేదాన్ని. పెళ్లికార్డులు టైపు చేసే మనిషి రోజుకు ఎన్నిసార్లు కొట్టి ఉంటారు ఆ మాట! మర్నాడు మళ్లీ అదే ప్రశ్న. ఈ మనిషికి ఈ జన్మకు వత్తులు రావని స్టాఫ్ రూములో చెప్పి నవ్వేదాన్ని కూడా.

వత్తు రాక అడగలేదేమో. ఇవాళ అనుమానం వచ్చింది. అన్నం మాడింది.

డిసెంబర్ 6, శనివారం. కుప్పం

తెచ్చాను. దుప్పట్లో చుట్టి ఒళ్లో పెట్టుకుని, పుంగనూరు, పలమనేరు మీదుగా. కండక్టరు పైన పెట్టమన్నాడు, నేను పెట్టలేదు. గంగవరం మనిషి ఒకావిడ పక్కన కూర్చుంది. పేరు చెంగమ్మ. ఒళ్లో ఏముందని అడిగింది. మా ఆయన కంప్యూటరు అన్నాను.

"ఆయప్ప రాల్యా?"

"రాలేదు."

"సూడు, ఇంత బరువు ఆడమనిషికిచ్చి పంపించి తాను ఇంట్లో కూసున్యాడు" అంది. ఔనన్నాను. పలమనేరులో దిగేదాకా ఆవిడ ఈయన్ని తిడుతూనే ఉంది. నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఇంట్లో కూర్చుని ఉన్న మొగుణ్ణి తిట్టినట్టే తిట్టింది.

రూబెన్ డిస్కు ఊడదీసి తన కంప్యూటరుకు తగిలించాడు. మనం సేవ్ చేయకపోయినా, పది నిమిషాలకొకసారి కంప్యూటరు తనంతట తానే ఒక కాపీ దాచుకుంటుందట. ఆ మాట వినగానే కుర్చీ దగ్గరికి లాక్కున్నాను. అయ్యగారికి చెప్పొచ్చు కదా, అందుకని.

దొరికింది. ఆ గురువారం తేదీ ఉన్న ఫైలు, ఒక్కటే ఒక్కటి. రూబెన్ తెరిచాడు.

కొమ్ములున్న ఇంగ్లీషు అక్షరాలు. నెత్తిన చుక్కలు, కింద తోకలు, మధ్యలో డిగ్రీ గుర్తులు, పౌండు గుర్తులు. పేజీ నిండా అదే. వాడు ఏవేవో చేసి చూశాడు. ఎన్నిసార్లు తెరిచినా అవే కొమ్ములు.

"ఫైలు చెడిపోయిండాది వదినా" అన్నాడు. వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. వాడికి అన్న కదా.

సరేలే అన్నాను. డిస్కు తుడిచేసి కొత్తగా విండోస్ వేస్తే కంప్యూటరైనా బాగుపడుతుందన్నాడు. చెయ్యి అన్నాను. ఆ పిచ్చి గీతల్ని మాత్రం పెన్‌డ్రైవులో వేసివ్వమన్నాను. ఎందుకని అడగలేదు, మంచివాడు.

డిసెంబర్ 8

పోయినదాని గురించి ఆలోచించను.

డిసెంబర్ 9

ఆలోచించలేదు.

డిసెంబర్ 25, క్రిస్మస్

స్టార్ కట్టలేదు. ఎదురింటివాళ్ల స్టార్ వెలుగే మా వరండాలో పడింది. కంప్యూటరు బాగా పని చేస్తోంది. కొత్తదానిలా ఉంది. అందులో ఆయనది ఏమీ లేదు.

జనవరి 4, ఆదివారం

అయ్యగారు మళ్లీ అడిగారు. దొరకలేదని చెప్పలేకపోయాను. చూస్తున్నానండీ అన్నాను. చర్చిలో నిలబడి అబద్ధం.

ఇంటికొచ్చి ఒక పని చేశాను. ఆయన రాసినట్టు నేనే రాస్తే ఎవరికి తెలుస్తుంది? కాగితం తీసుకుని మొదలుపెట్టాను. 'నా జీవిత భాగస్వామి షైలజ నాకు దేవుడిచ్చిన గొప్ప బహుమానం.' ఛీ. ఆయన పుట్టి బుద్ధెరిగి 'జీవిత భాగస్వామి' అనలేదు. మళ్లీ రాశాను. 'షైలజ చాలా ఓపికగల మనిషి.' ఇది పచ్చి అబద్ధం, సంఘంలో ఎవరూ నమ్మరు. నాలుగు కాగితాలు చించాను. వత్తులన్నీ సరిగ్గా పడుతున్నాయి, కామాలు కూడా. అది ఆయన రాత ఎట్లా అవుతుంది?

ఏం రాసి ఉంటారు? ఒక్క వాక్యం చాలు. వంట బాగా చేస్తుంది అన్నా చాలు. చేయను, అయినా చాలు. అయ్యగారి కోసం కాదు. నాకే కావాలి. రాసేశాను ఇక్కడ, ఎవరు చూస్తారు.

జనవరి 11

సెలవులు. ముందు గది తలుపు తీశాను. మళ్లీ వేశాను.

జనవరి 18, ఆదివారం

వరసగా రాస్తాను.

మధ్యాహ్నం గీత వచ్చింది, పై వీధిలో ఉంటుంది. నిరుడు వాళ్ల గృహప్రవేశం కార్డు శరత్‌ టైపు చేశారు. ఇప్పుడు చెల్లెలు ఇల్లు కట్టింది, అదే కార్డు, పేర్లూ తేదీ మారిస్తే చాలట. శరత్‌ అప్పట్లో పంపిన ఫైలు గీత ఫోనులోనే ఉంది. వేరే షాపుకు తీసుకెళితే, ఇది చెడిపోయింది, కుదరదు పొమ్మన్నారట.

"సూడక్కా, సార్ బంగారట్ల కార్డు ఏసిచ్చినాడు. ఫైలేమో ఇట్లుండాది" అని ఫోను నా చేతిలో పెట్టింది.

కొమ్ములున్న ఇంగ్లీషు అక్షరాలు. నెత్తిన చుక్కలు, కింద తోకలు.

రెండో చేతిలో అచ్చు కార్డు పెట్టింది. చక్కని తెలుగు. ఆహ్వానం. హ కింద వ వత్తు.

కార్డునూ ఫోనునూ పక్కపక్కన పెట్టి ఎంతసేపు చూశానో తెలియదు. గీత భయపడి మంచినీళ్లు తెచ్చింది. ఫైలు చెడిపోలేదు. గీతది చెడిపోలేదు, నాదీ చెడిపోలేదు. ఆయన పాత తెలుగు ఫాంటులో కొడతారు. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్లోనే అది తెలుగు. లేనిచోట ఈ కొమ్ములు. ఎన్నిసార్లు చెప్పారు నాకు! కార్డులు తెచ్చుకున్నవాళ్లు ఫైలు తెరిచి లబోదిబోమంటే, "ఫాంటు ల్యాకపోతే మన తెలుగు ఇంగిలీసు యేషం ఏసుకుంటాది, యేషం తీసేస్తే లోపల మనదే" అని నవ్వేవారు. నేను పక్కన కూర్చుని ప్రూఫులు దిద్దుతూ ఊఁ కొట్టేదాన్ని. తెలుగు టీచర్ని! తెలుగు నా ఎదురుగా నిలబడితే గుర్తుపట్టలేదు. పైగా ఫాంటున్న డిస్కును చేజేతులా తుడిపించాను.

గీతకు కార్డు చేయించి ఇస్తానని చెప్పి పంపాను. పెన్‌డ్రైవు కుట్టుమిషను సొరుగులో ఉంది. తీసి హ్యాండ్‌బ్యాగులో వేశాను. తీసి మళ్లీ చూసి మళ్లీ వేశాను.

పుంగనూరులో ప్రమీలమ్మ గారి షాపు ఉంది. శరత్ పని నేర్చుకున్నది అక్కడే. రేపు స్కూలు తెరుస్తారు.

జనవరి 19, సోమవారం

చదివాను.

ఇవాళ ఇంకేం రాయలేను.

జనవరి 21, బుధవారం

స్కూలు వదలగానే వెళ్లాను. ప్రమీలమ్మ గారు పెద్దావిడ అయిపోయారు, కళ్లద్దాలు ముక్కు చివరికి వచ్చాయి. సంగతి చెప్పాను. మా శరత్తు ఈడనే కదమ్మా నేర్చుకున్యాడు, ఫాంటు యాడికి పోతాది అన్నారు. పెన్‌డ్రైవు పెట్టి, పేజీ అంతా నల్లగా చేసి, పైన జాబితాలో ఫాంటు పేరు నొక్కారు.

తెలుగు.

పేజీ మొత్తం ఒక్కసారిగా తెలుగు. నేను నోరు మూసుకోవడానికి కొంగు వెతుక్కున్నాను. ప్రమీలమ్మ గారు ఒక్క అక్షరం కూడా చదవలేదు. అద్దాలు తీసి బల్ల మీద పెట్టి, టీ తాగొస్తానమ్మా అని, బయటికి పోతూ షట్టరు సగం దించారు.

నాకు ఇప్పటికే నోటికి వచ్చేసింది. అయినా రాస్తాను. పోయేవి పోకుండా రెండు చోట్ల ఉండాలని నేర్చుకున్నాను.

'దేవునికి స్తోత్రం. అయ్యగారికి, సంఘానికి వందనాలు. ప్రతి సంవత్సరం నేను ఇక్కడ ఆపేస్తాను. ఈసారి ఆపను. మా నాయన టమాటా మార్కెట్టులో బాక్సులు మోసినాడు. నాతో మోయించలేదు. దానికి స్తోత్రం. పుంగనూరులో ప్రమీలమ్మ గారు కుర్చీ వేసి పని నేర్పించినారు. ఆమెకు వందనాలు. తమ్ముడు రూబెన్ నాకంటే ఎక్కువ చదువుకున్నాడు, అయినా నన్ను అడిగే ఏ పనైనా చేస్తాడు. దానికి స్తోత్రం. మా ప్రింటరు ఇన్ని సంవత్సరాలు పని చేస్తా ఉండాది. దానికి స్తోత్రం. యూపీఎస్ బ్యాటరీ పోయింది, అయినా చాలా కాలం కాపాడింది, దానికి కూడా స్తోత్రం. మాకు బిడ్డలు లేరు. కానీ ఈ ఊర్లో బిడ్డలకు పేరు పెడితే ఆ పేరు మొదట అచ్చు కొట్టేది నేనే. అట్ల చాలామంది బిడ్డల పేర్లు నా చేతిలో ఉండాయి. స్తోత్రం. ఇవన్నీ ముందు ఎందుకు చెప్తున్నానంటే, అసలు సంగతి చెప్పడానికి నాకు భయం. ఇంక చెప్తాను. షైలజ'

అంతే. నా పేరు దగ్గర ఆగిపోయింది. చుక్క కూడా లేదు.

ప్రింటరుకు స్తోత్రం చెప్పిన మనిషి! చచ్చిపోయిన యూపీఎస్‌కు స్తోత్రం చెప్పిన మనిషి! నాకోసం ఒక్క వాక్యం ముందు రాసి ఉంటే ఏం పోయేది? ఆ షాపులో ఒంటరిగా కూర్చుని ఆయన్ని గట్టిగానే తిట్టాను. తిడుతూ నవ్వాను. నవ్వుతూనే ఏడ్చాను, షట్టరు అవతల వినిపించే ఉంటుంది.

జనవరి 22

రూబెన్‌కి ఫోను చేసి చెప్పాను. అప్పుడు అడిగాను. పది నిమిషాలకొక కాపీ అన్నావు కదా, ఆ కాపీకీ కరెంటు పోవడానికీ మధ్య టైపు చేసినది ఎక్కడుంటుంది?

"యాడా ఉండదు వదినా" అన్నాడు.

ఉండకపోతే పోనీ. కానీ టైపు చేశారు. నీ కాడికే వచ్చిండాను అని ఫోనులో అన్నారంటే, వచ్చి కొంతసేపైనా నా దగ్గర ఉన్నారు. ఆయన వేళ్లు ఎంత వేగంగా పోతాయో నాకు తెలుసు. పేరు పక్కన ఏదో ఒక మాట పడే ఉంటుంది. ఆ మాట ఏమిటో ఈ లోకంలో ఒక్కరికే తెలుసు, ఆయన్ని అడగడానికి లేదు.

జనవరి 25, ఆదివారం

ఎర్రపెన్ను తీసుకుని, ప్రమీలమ్మ గారు తీసిచ్చిన ప్రింటు ముందు కూర్చున్నాను. సాయంత్రం వచ్చి తప్పులు చూడమన్నారు కదా. మూడు నెలలు ఆలస్యమైంది. 'పని చేస్తా ఉండాది' దగ్గర పెన్ను ఆగింది. ఇన్నేళ్లూ ఎక్కడ ఆ మాట కనపడినా 'ఉంది' అని దిద్దాను. ఇంట్లో అట్లా మాట్లాడండి, అచ్చులో కాదు అనేదాన్ని. సంఘం ముందు చదివేదని పాపం జాగ్రత్తగానే రాశారు, అయినా అక్కడక్కడా జారింది.

దిద్దలేదు. మూత పెట్టేశాను.

జనవరి 31, శనివారం

గీత చెల్లెలి కార్డు ప్రమీలమ్మ గారి దగ్గర చేయించి ఇచ్చాను. ఆ ఫాంటు కూడా అడిగి తెచ్చుకుని మా కంప్యూటర్లో వేసుకున్నాను. దుప్పటి ఉతికి ఆరేశాను.

రేపటికి రెండు పేజీలు రాసుకున్నాను. ఆయనది చదివాక నేను చెప్పాల్సినవి. శరత్ ఎటువంటి మనిషి, మా కాపురం, ఆహ్వానం సంగతి, అన్నీ. మంచి తెలుగు. బైబిల్లో పెట్టుకున్నాను.

ఫిబ్రవరి 1, ఆదివారం

నా పేరు పిలిచారు. వెళ్లి నిలబడ్డాను. ఎప్పుడూ నా పక్కన ఆయన నిలబడే చోటు వదిలి నిలబడ్డానని తరువాత తెలిసింది.

ఇది శరత్ బాబు సాక్ష్యం అని చెప్పి చదివాను. ఉండాదిని ఉండాది అనే చదివాను. ప్రింటరు దగ్గర నవ్వారు. యూపీఎస్ దగ్గర ఇంకా నవ్వారు. బిడ్డల పేర్ల దగ్గర ఎవరూ నవ్వలేదు. అసలు సంగతి చెప్పడానికి నాకు భయం, ఇంక చెప్తాను, అన్నాను. షైలజ, అన్నాను.

అక్కడ ఆగాను. చర్చి అంతా ఎదురుచూస్తోంది. నా చేయి బైబిలు మీదికి వెళ్లింది, లోపల నా రెండు పేజీలు ఉన్నాయి. తీయబుద్ధి కాలేదు. నా కళ్లు చర్చి గేటు వైపు పోయాయి, ఆరోజు స్కూల్లో చూసినట్టే. ఎండ ఉంది.

"ఇంగా ఉండాదా అమ్మా?" అని అయ్యగారు మెల్లగా అడిగారు.

"నా కాడికే వచ్చిండారు అయ్యా" అన్నాను. "అంతలో కరెంటు పాయె."

అందరికీ వందనాలు అని, మైకు ఇచ్చేశాను.